జోగేశ్వరరావు కోరిన కల్యాణి

పాలకొల్లులో బెల్లం కొట్టు జోగేశ్వరరావుకి ఉన్నవి రెండే పిచ్చులు. ఒకటి వ్యాపారం, రెండోది బ్యాండుమేళం భీమరాజు క్లారినెట్. రెండోదాని కోసం మొదటిదాన్ని ఎన్నిసార్లు గాలికొదిలేశాడో ఆయన భార్య రమాదేవిని అడిగితే తీరిగ్గా చెబుతుంది. ఏటా స్వామివారి ఊరేగింపు ఆయన కొట్టు ముందు ఆగేది. భీమరాజు బ్యాండు అక్కడ కల్యాణి రాగం వాయించాకే పల్లకి కదిలేది. ఆ కాసేపటి కోసమే ఏడాదంతా బెల్లం అమ్ముతున్నట్టుండేవాడు మహానుభావుడు.

ఎనభై అయిదులో బ్యాండు వరస మారింది. పెళ్లిళ్లలో రిక్షా మీద కీబోర్డు, డిస్కో పాటలు. భీమరాజు క్లారినెట్ ముట్టుకోకుండా తాళాలు వాయిస్తూ పక్కన నడుస్తున్నాడు. డబ్బు కోసం గడ్డి కరిచాడని జోగేశ్వరరావు బజారంతా చాటాడు. పాత అభిమానులందరూ ఆ మాటే అందుకున్నారు.

ఊరేగింపు నాటి సాయంత్రం ఆయన సరాసరి వెళ్లి బ్యాండువాళ్ల కీబోర్డు రిక్షాకి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నాడు. పెద్దమనుషులు ఎంత నచ్చజెప్పినా లేవలేదు. భీమరాజు చేతులు జోడించి, ఈ ఒక్క ఏడాదికి వదిలెయ్యమని బతిమాలాడు.

"వాయిస్తే కల్యాణి వాయించు. లేకపోతే మా వీధిలో అడుగుపెట్టకు."

భీమరాజు రిక్షాలో ఉన్న పెట్టె తెరిచి క్లారినెట్ తీశాడు. ఊదితే ఉస్సుమని గాలి వచ్చింది. మళ్లీ ఊదితే కీచుమంది. కుర్రాళ్లు ఈలలు వేశారు. అప్పుడు చూశాడు జోగేశ్వరరావు, భీమరాజు నోట్లో పై వరస ముందు పళ్లు లేవు. చిగుళ్లు చెడి పీకించేశారట. మామూలప్పుడు కట్టుడు పళ్లు పెట్టుకుంటాడు, ఊదేటప్పుడు అవి జారిపోతాయని తీసేశాడట. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

జోగేశ్వరరావు సిగ్గుతో చచ్చిపోయాడు. ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాడు.

భీమరాజు కండువాతో మూతి తుడుచుకున్నాడు. "చెబితే జాలిపడతారండి. తిట్టినా ఫర్వాలేదనుకున్నానండి. తిడుతున్నారంటే నా పాత వాయిద్యం ఇంకా మీ చెవుల్లో ఉన్నట్టే కదండీ. ఇప్పుడు దాన్ని కూడా పోగొట్టుకున్నారు."

ఊరేగింపు కదిలింది. ఆ తర్వాత భీమరాజు బ్యాండులోనే కనిపించలేదు.

బేరాల్లేని మధ్యాహ్నాల్లో జోగేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర కళ్లు మూసుకుని, అన్నేళ్లు విన్న కల్యాణిని గుర్తు తెచ్చుకోవాలని చూస్తాడు. ఉస్సుమన్న గాలి, కుర్రాళ్ల ఈలలు తప్ప ఇంకేమీ వినిపించవు.