డేలియాల బకెట్టు

నేను పూలను నీళ్లలో నిలబెట్టడం మొదలుపెట్టినప్పుడు, నాకు పిచ్చి పట్టిందని అనుకోని మనిషి తాండూరు మొత్తంలో ఒక్కతే. పక్కింటి గుల్జార్ బేగం. ఆ పిచ్చి నాకు అంటించింది ఆమే కాబట్టి అనుకోలేదు.

ఆమె భర్త నిజాం సర్కారులో పెద్ద నౌకరీ చేసినవాడు. సర్కారు పోయింది, తర్వాత మనిషీ పోయాడు. ఆమెకు మిగిలింది పెద్ద ఇల్లు, ఇంటి నిండా పూలు పెట్టుకునే గుల్దాన్లు. పొడుగు మెడ గాజువి కొన్ని, పొట్ట ఉన్న పింగాణీవి కొన్ని. పొద్దున్నే కత్తెర పట్టుకుని తోటలోకి పోయి, పువ్వును మోచెయ్యంత కాడతో ఏటవాలుగా కోసేది. కింది ఆకులు తీసేసేది. డేలియా అయితే కాడ చివర వేడినీళ్లలో ముంచి, ఆ తర్వాత చల్లనీళ్లలో మెడదాకా నిలబెట్టి చీకటి గదిలో ఉంచేది. నేను గోడ మీది నుంచి చూసి చూసి, చివరికి ఆమె దగ్గర కొన్ని డేలియా దుంపలు, ఒక గాజు గుల్దాన్ అడిగి తెచ్చుకున్నాను.

ఎర్ర డేలియా అంటే నాకు ప్రాణం. చామంతికి గర్వం తక్కువ, గుల్దాన్‌లో ఎన్నాళ్లు ఉంచినా ఫిర్యాదు చేయదు. కాస్మోస్ కాస్త గాలి తగిలితే ఊగిపోయే రకం, కానీ గుత్తిలో అది లేకపోతే మిగతావన్నీ పెళ్లికొచ్చిన పెద్దమనుషుల్లా బిగుసుకుని కూర్చుంటాయి. గులాబీ సంగతి నేను చెప్పను. దాన్ని పొగిడేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు.

మా ఊళ్లో పువ్వు పోయే చోట్లు అందరికీ తెలుసు. దేవుడి పటం, దర్గా, ఆడదాని కొప్పు. వీటిలో దేనికీ కాడతో పని లేదు. పువ్వు తెంపడమంటే మావాళ్లకు బొటనవేలి గోటితో మెడ కింద గిల్లడమే. ఇంటికొచ్చినవాళ్లు నా గుల్దాన్ చూసి, "పూలెందుకు నానవెట్టినవ్ సుమిత్రా?" అని అడిగేవాళ్లు, అవేవో శనగలైనట్టు. ఎప్పుడు ఉడకబెడతావని అడగకపోవడం వాళ్ల మర్యాద.

మా అత్త కస్తూరమ్మకు అలాంటి మర్యాదలు లేవు.

"బర్రె పాలిస్తది. గీ పువ్వేమిస్తదే?"

"చూస్తే మనసుకు హాయిగుంటది అత్తమ్మా."

"బర్రెను చూస్తే గూడ నాకు హాయిగనే ఉంటది."

ఆ హాయి కోసం నా తోట ఉన్నచోట బర్రెల కొట్టం వేయాలని ఆమె నిర్ణయించింది. మా ఆయన సూర్యప్రకాశ్ కందుల వ్యాపారి. తల్లి చెబితే తల్లికి తల ఊపేవాడు, నేను చెబితే నాకు ఊపేవాడు. ఆ తర్వాత గోదాంలోకి పోయి, ఏమీ అడగని బస్తాల మధ్య సుఖంగా కూర్చునేవాడు.

సరిగ్గా అప్పుడే, అరవై ఒకటి చలికాలంలో, వికారాబాద్‌కు కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య పూల పోటీ పెట్టింది. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఈ ప్రాంతపు ఆడవాళ్లను పైకి తేవాలని ఆవిడకు గట్టి పట్టుదల, అందుకు దొరికిన దగ్గరి దారి ఇది. బావులూ బడులూ తర్వాత చూసుకోవచ్చు. గుల్దాన్‌లో పూలు అందంగా పెట్టిన వాళ్లకు వెండి కప్పు ఇస్తామన్నారు.

నేను అత్తమ్మతో ఒప్పందం చేసుకున్నాను.

"కప్పు తెస్తే తోట ఉంటది. తేకుంటే సోమారం బీరయ్య గడ్డపార తీస్కొస్తడు," అంది ఆమె. మా ఆయన తల ఊపాడు.

పోటీ శుక్రవారం. తెల్లవారుతుండగానే డేలియాలు, చామంతులు, కాస్మోస్ కోశాను. గుల్జార్ బేగం నా పక్కన నిలబడి ఒక్కో కాడనూ చూసి, పనికిరానిదాన్ని పక్కకు తీసేసింది. "గిప్పుడు పో. కప్పు నీదే," అంది. బకెట్టులో పూలు, గుడ్డలో చుట్టిన గుల్దాన్, వీటితో నేను ప్యాసింజరు ఎక్కాను. కోడలు ఒంటరిగా రైలెక్కితే ఊరేమంటుందోనని అత్తమ్మ కూడా ఎక్కింది. పోటీ అయ్యాక అనంతగిరి పోయి దేవుణ్ని చూసి రావచ్చని ఆమె లెక్క.

ఆడవాళ్ల డబ్బా నిండిపోయి ఉంది. బకెట్టును కాళ్ల మధ్య పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పి కూర్చున్నాను. రైలు కదలగానే గుడ్డ జారింది. డేలియాలు తల ఎత్తి డబ్బా అంతా చూశాయి. డబ్బా అంతా వాటిని చూసింది.

ఎదుటి బల్ల మీద బషీరాబాద్ పిల్ల ఒకతి కూర్చుని ఉంది, నిండు చూలాలు. పుట్టింటికి పోతోంది. "అక్కా, మస్తున్నయి. ఒకటియ్యవా?" అంది.

మావైపు పూలడిగిన ముత్తైదువకు లేదనకూడదు. అందులోనూ శుక్రవారం, అందులోనూ కడుపుతో ఉన్న పిల్ల. ఒక చామంతి తీసిచ్చాను. అంతటితో ఆగి ఉంటే లోకం ఇలా ఎందుకు ఉంటుంది?

అత్తమ్మ నా చేతిలోని పువ్వు చూసి నొసలు చిట్లించింది. "చూలాలు అడిగితే గింతంత ఇస్తవా?" అంటూ వంగి, అన్నింటికన్నా పెద్ద డేలియాను మెడ కింద గోటితో టక్కున గిల్లింది. కాడ బకెట్టులోనే ఉండిపోయింది. పువ్వు ఆ పిల్ల కొప్పెక్కింది.

"అత్తమ్మా, పోటీకవి!"

"పోటీ పగటిపూట గద. గామె ఇప్పుడడిగింది."

అప్పటికే కిటికీ పక్కనున్న కన్నడపు ముసలమ్మ చెయ్యి చాపింది. "ఒంద్ హూ కొడ్రీ, అవ్వా." టక్. బుర్ఖాలో ఉన్న జులేఖా అనే ఆమె, చంటిపిల్లను దర్గాకు తీసుకుపోతున్నానంది. టక్, టక్. రుక్మాపూర్‌లో ఎక్కినవాళ్లు ఎవరో పేరంటం చేస్తున్నారనుకుని వరసలో నిలబడ్డారు. ధారూర్ వచ్చేసరికి డబ్బాలో పువ్వు లేని కొప్పు నాదొక్కటే.

"ఎవరింటి పూలమ్మా?" అని అడిగారు ఎవరో.

"మా ఇంటివే," అంది అత్తమ్మ. ఆ మాట ఎంత నెమ్మదిగా, ఎంత నిండుగా అందో! బర్రెను గురించి చెప్పినప్పుడు కూడా ఆమె గొంతు అంత మెత్తగా నేను వినలేదు. కొట్టం కోసం కావాలనే చేస్తోందని నాకు ఒళ్లు మండిపోయింది. ఏడవకూడదని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

వికారాబాద్‌లో బల్ల మీద నా గుల్దాన్ పెట్టి, మిగిలినవి సర్దాను. మొగ్గ కాస్మోస్ కొన్ని, విరిగిన చామంతి ఒకటి, అద్భుతమైన కాడలు బోలెడు. అన్నీ ఏటవాలుగా కోసినవే.

ముఖ్య అతిథి కోసం మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టారు. ఆయన వచ్చేసరికి అందరి పూలూ మెడలు వాల్చేశాయి, ఆడవాళ్లవీ వాలాయి. ఆయన పూల మీద ఒక్క ముక్క మాట్లాడకుండా దేశ ప్రగతి మీద చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఆఫీసరు గారి భార్య బల్లల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగింది.

"పూలేవండీ?"

"రైల్ల ఉన్నయి," అన్నాను.

"అలాగా! ఆకులు మాత్రం చాలా బాగున్నాయి," అని నవ్వి ముందుకు కదిలింది.

కప్పు జనార్దన్ వకీలు గారి భార్యకు వచ్చింది. ఆమె గుల్దాన్‌లో గులాబీలు అప్పుడే విచ్చినట్టున్నాయి. "చూడండి, ఇంత ఎండలోనూ ఒక్క రేకైనా వాడలేదు. శ్రద్ధ అంటే ఇదీ!" అని ఆఫీసరు గారి భార్య మురిసిపోయింది. అవి బొంబాయి నుంచి తెప్పించిన ప్లాస్టిక్ పూలు. అందరికీ తెలుసు. అందరమూ చప్పట్లు కొట్టాం.

"కప్పు పోతే పోనియ్యే, ఇంట్ల గిలాసలు లేవా?" అని అత్తమ్మ నన్ను ఓదార్చింది. ఖాళీ బకెట్టు పట్టుకుని ఆమె వెనకాలే అనంతగిరి పోయి దేవుణ్ని చూసి వచ్చాను.

సోమవారం పొద్దున బీరయ్య గడ్డపారతో వచ్చాడు. నేను వంటింట్లోంచి కదలలేదు. నా డేలియాల వేళ్లు తెగుతుంటే చూసే ధైర్యం నాకు లేదు. ఎంతసేపటికీ గడ్డపార చప్పుడు వినిపించలేదు. ఆడగొంతులు మాత్రం వినిపించాయి. బయటికొచ్చి చూస్తే గేటు దగ్గర నలుగురైదుగురు మా వాడ ఆడవాళ్లు, రైల్లో చూసిన ముఖాలు కొన్ని.

"కస్తూరమ్మ గారి తోట గిదేనా? మా ఇంట్ల నోమున్నది, జర పూలియ్యుండ్రి."

అత్తమ్మ బీరయ్యకూ మొక్కలకూ మధ్య నిలబడి ఉంది. అడిగిన ఆడవాళ్లను చూసింది. గడ్డపారను చూసింది. "ఏందిరా చూస్తున్నవ్? బర్రెకు తావు గాదు గిది. గోదాం ముందల కొట్టం ఎయ్యిపో!" అని కసిరింది. మా ఆయన తల ఊపాడు. ఆ రోజు నుంచి బస్తాల మధ్య ఆయన సుఖం కూడా పోయింది.

తోట బతికింది. ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ అది కస్తూరమ్మ గారి తోట అయిపోయింది. నీళ్లు నేను పోసేదాన్ని, పేరు ఆమెకు పోయేది. పొద్దున నేను లేచేసరికే టక్ టక్‌మని చప్పుడు. గుల్దాన్‌లో దుమ్ము చేరింది.

ఒకరోజు ఆగలేక కత్తెర తీసుకుని పోయాను. "దేనికే?" అంది అత్తమ్మ.

"గుల్దాన్‌కు. నేను పెంచిన తోటల నాకొక్క పువ్వు గూడ లేదా అత్తమ్మా?" ఏడ్చేశాను.

ఆమె బిత్తరపోయింది. "ఊరంత అడిగింది. నువ్వొక్కదానివి అడగనే లేదు గద బిడ్డా," అంది. నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. నా చేతిలోంచి కత్తెర లాక్కుంది. తోటంతా వెతికి మంచి ఎర్ర డేలియాను ఏరింది. "కాడ గావాల్నా? కాడతోనే ఇస్త," అని, జీవితంలో మొదటిసారి గోరు వాడకుండా, కత్తెరతో కోసింది. కాడ వేలంత ఉంది. అంతకన్నా పొడుగ్గా కోయడానికి ఆమెకు చేతులు రాలేదు.

తనే లోపలికి తెచ్చి, పొడుగు మెడ గాజు గుల్దాన్‌లో కాసిన్ని నీళ్లు పోసి వేసింది. పువ్వు మెడ దాటి, బుడుంగుమని అడుగున నీళ్లలో పడింది.

ఇద్దరం మూతి దగ్గర తల పెట్టి లోపలికి చూశాం.

"మంచిగున్నదా?" అని అడిగింది అత్తమ్మ, భయంభయంగా.

"మస్తున్నది," అన్నాను.