ఆ నంబరు ఎవరిది

గని కార్మికుల ఇళ్లలో పెరిగిన పిల్లలకు నంబరంటే మనిషే. భూపాల్ తండ్రి గని ఆఫీసులో తన ఇత్తడి బిళ్ల ఇచ్చి లోపలికి దిగేవాడు. ఆ బిళ్ల మీది నంబరు ఇంకొకరికి ఉండేది కాదు. గోదావరిఖనిలో లెక్కల సారుగా పేరు తెచ్చుకున్నాక కూడా భూపాల్‌ను ఆ నమ్మకం వదల్లేదు.

భార్య రమ పోయి రెండు నెలలు. ఆమె కూడా అతను పనిచేసే బడిలోనే పాఠాలు చెప్పింది కాబట్టి బడి వెబ్‌సైట్‌లో ఆమె ఫొటో పెట్టారు. దాని కింద పిల్లలు, టీచర్లు తలా ఒక మాట రాశారు. సోమవారం ఎవరో పేరు లేకుండా రాశారు: "జల్ది దవాఖానకు తీస్కపోతే బతికేది. సార్‌కు పరీక్ష పేపర్లే ముఖ్యమైనయి."

వెబ్‌సైట్ చూసుకునేది భూపాలే. ఏ మాట ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చిందో, ఆ అంకెలు అతనికి కనిపిస్తాయి. అదే రోజు జమున టీచర్ తన పేరుతో రాసిన మాట పక్కన కూడా అవే అంకెలు. పైగా రమకు బాగాలేని రోజు ఫోన్‌లో "పేపర్లు తర్వాత దిద్దుకోండ్రి సార్, ముందు అక్కను తీస్కపోండ్రి" అన్నది ఆమె ఒక్కతే.

మంగళవారం స్టాఫ్‌రూంలో అందరి ముందూ అడిగాడు.

"పేరు దాసుకొని రాసుడెందుకు టీచర్? నా మొఖం మీదనే అనరాదా?"

"నేను రాయలే సార్."

అతను అంకెలు చదివి వినిపించాడు. రెండు నెలలుగా అతనికి కూడా కలిపి అన్నం తెస్తున్న జమున, ఆ రోజు డబ్బా మూత తీయకుండానే వెళ్లిపోయింది.

సాయంత్రం చౌరస్తాలో మక్సూద్ సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లాడు. మక్సూద్ అతని పాత శిష్యుడు. పేరు లేని మాట, జమున మాట, వాటి అంకెలు రాసుకున్న కాగితం అతనికి చూపించాడు.

"ఇద్దరిదీ ఒకటే నంబరు. ఇంకేం రుజువు గావాలె?"

"మీ సిమ్ము గూడ టీచర్ సిమ్ము కంపెనీదే గద సార్? ఇటియ్యుండ్రి."

ఆ ఫోన్ బయటికి ఏ చిరునామాతో కనిపిస్తుందో మక్సూద్ తెర మీద చూపిస్తే, ఆ అంకెలను భూపాల్ కాగితంతో పోల్చుకున్నాడు. చివరి అంకె దాకా అవే.

"మీ లెక్క ప్రకారం రాసింది మీరే సార్," అని నవ్వాడు మక్సూద్. "డేటా ఆన్ చెయ్యంగనే కంపెనీ ఫోన్‌కు లోపటి చిరునామా ఒకటిస్తది. అది కిరాయిదే, బంద్ చేసి మళ్ల పెడితే మారచ్చు. బయటికి పోయేటప్పుడు మాత్రం వందల ఫోన్లకు ఒక్కటే. షేర్ ఆటో అనుకోండ్రి. బండి నంబరు కనవడ్తది, లోపట ఎవలు కూసున్నరో బయటోళ్లకు ఎట్ల తెలుస్తది?" ఫోన్ తిరిగి ఇస్తూ అడిగాడు. "టీచర్‌ను ఏమన్న అన్నరా?"

భూపాల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర జమునను ఆపాడు.

"తప్పయింది టీచర్."

"నన్ను అన్నది ఇక్కడ గాదు గద సార్," అని ఆమె లోపలికి నడిచింది.

స్టాఫ్‌రూంలో అందరూ ఉన్నారు. అతను నిలబడ్డాడు.

"ఆ మాట రాసింది జమున టీచర్ గాదు. ఆ నంబరు నా ఫోన్‌కు గూడ వచ్చింది. తెల్వకుంట నింద వేసిన."

అక్కడితో కూర్చోవచ్చు. కూర్చుంటే, ఆ రాత కూడా అబద్ధమే అనుకుంటారు.

"రాసిందెవలో తెల్వదు. రాసింది మాత్రం నిజమే. రమ రెండుసార్లు అడిగింది. ఇంకొక్క కట్ట దిద్దినంక పోదామన్న."

జమున మెల్లగా అంది.

"గిది నేను అడగలే సార్."

అతను తల ఊపాడు. కూర్చోవడం మాత్రం చేతకాలేదు.