నాలుగో నొక్కు తర్వాత

సక్రి తెల్లకాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి తెచ్చింది.

"టీచరమ్మా, నెలాఖరు దాక చూస్త. కాకుంటే పని ఇడిసిపెడ్త అని దీని మీద రాసియ్యుండ్రి. మీ దస్తూరి మంచిగుంటది."

ప్రసూన కాగితం అందుకుంది కానీ కలం తియ్యలేదు.

సక్రి దమ్మపేట దగ్గరి తండాలో ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి చూసిన బీపీలు, జ్వరాలు ఆమే ఫోనులో ఎక్కించాలి. కీళ్లవాతంతో రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయాయి. ఒక్కో పేరుకు పదిహేనుసార్లు నొక్కడం ఆమె వల్ల కాదు. భర్త రూప్‌సింగ్ లారీలో జామాయిలు లోడుతో సారపాక కాగితం మిల్లుకు వెళ్తే రెండు రోజులకు గానీ తిరిగి రాడు.

ప్రసూన భర్త ఉదయ్ భాస్కర్‌కు దమ్మపేటలో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. సక్రి కోసం ఆయనే ఒక చిన్న యాప్ తయారుచేశాడు. ఎవరైనా ఒకసారి తెర మీద నొక్కి, జరిపి చూపిస్తే ఫోను అంతా గుర్తుపెట్టుకునేది. ఆ తర్వాత సక్రి పెద్ద బొత్తాన్ని వేలి కణుపుతో ఒక్కసారి నొక్కితే చాలు, ఆ నొక్కులన్నీ వరసగా వాటంతటవే పడేవి. పేర్లు, అంకెలు నోటితో చెప్పేది. అట్లా ఏడాది గడిచింది. అయిదు నెలల కిందట ఆయన గుండె ఆగిపోయింది. పోయిన వారం సక్రి ఫోను నీళ్ల తొట్లో పడింది. కొత్త ఫోను తెర పెద్దది, పాత నొక్కులు పక్కకు పడుతున్నాయి. అన్నీ మళ్లీ నేర్పాలి. ఎలా నేర్పాలో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

ప్రసూన బళ్లో తెలుగు చెబుతుంది. సక్రి కోసం నేర్పిన నొక్కులు ఆయన పాత ఫోనులోనూ ఉన్నాయి; దాన్ని ముందు పెట్టుకుని ఏ నొక్కు ఎక్కడో రాయడం మొదలుపెట్టింది. యాప్ నడిపిస్తే ఆయన వేలు తాకిన చోటల్లా తెల్లటి చుక్క వెలిగి ఆరేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ చుక్క ఆగిపోయేది. తొమ్మిది సెకన్ల తర్వాత అయిదో నొక్కు. ఎవరో దుకాణానికి వచ్చి పలకరించి ఉంటారనుకుంది ప్రసూన. పిల్లల వ్యాసాల్లో అక్కరలేని మాట కొట్టేసినట్టే ఆ ఖాళీని తీసేసింది. నొక్కులన్నీ ఎడం లేకుండా కొత్త ఫోనుకు నేర్పింది. ఇంట్లో నాలుగుసార్లు చూసింది. చక్కగా పనిచేసింది.

ఆదివారం తండాకు వెళ్లింది. సక్రి వాకిట్లో నులకమంచం మీద తండాలోని ఒక ముసలయ్య బీపీ చూపించుకోవడానికి కూర్చుని ఉన్నాడు. సక్రి ఆయన పేరు చెప్పి బొత్తాం నొక్కింది. చుక్కలు గబగబా పరిగెత్తాయి.

తెర చూసి సక్రి నోరు కొంగుతో మూసుకుంది.

"ఏంది? మల్ల పెరిగిందా బీపీ?" అన్నాడు ముసలయ్య.

"బీపీ కాదు పెదనాయనా. గర్భిణుల లిస్టుల పడ్డవ్. మూడో నెలంట."

"గీ వయసులనా? నా ముసల్ది వింటే కొడ్తది!"

సక్రి మంచం కోడు పట్టుకుని నవ్వింది. ప్రసూనకు నవ్వు రాలేదు. ఇంకా పంపలేదు కాబట్టి దిద్దుకోవచ్చు, కానీ తప్పు ఎక్కడో తెలియడం లేదు. సంచిలో ఆ తెల్లకాగితం ఉంది.

"సారు పెట్టినప్పుడు గిట్ల ఉరకకపోతుండె టీచరమ్మా. నాలుగో నొక్కు కాడ ఆగుతుండె."

"ఎందుకు?"

"గీడ సిగ్నల్ ఏడుంటది? పేజీ తెరుసుకునేదాక ఆగాలె. లేకుంటే నొక్కు పాత పేజీ మీదనే పడ్తది. గీ మంచం మీదనే కూసొని గడియారం పట్టి చూసిండు సారు. పొద్దుగాల ఎంత, ఎండల ఎంత అని మూడు ఆదివారాలు వచ్చిండు. మీకు చెప్పలే?"

చెప్పలేదు. ఆ మూడు ఆదివారాలూ అన్నం చల్లారిపోయింది. మూడోసారి ప్రసూన, ఇల్లు ఒకటుందని గుర్తుందా అని అడిగింది. ఆయన నవ్వి, చల్లారిన అన్నమే కలుపుకున్నాడు.

"తిన్నారా ఇక్కడ ఏమన్నా?" అని అడిగింది ఇప్పుడు.

"జొన్నరొట్టె పెడ్తే సగం తిన్నడు. ఇంటికాడ మా ఆమె ఎదురుచూస్తదన్నడు."

ప్రసూన ఫోను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నొక్కులు మొదటినుంచీ మళ్లీ నేర్పింది. నాలుగో నొక్కు దగ్గర చేయి ఎత్తి పట్టుకుంది. సక్రి పైకే లెక్కపెట్టింది. ముసలయ్య కూడా గొంతు కలిపాడు. తొమ్మిది అనగానే ప్రసూన వేలు దించింది.

ఈసారి సక్రి కణుపు బొత్తాం మీద పడ్డాక నాలుగు చుక్కలు వెలిగాయి. ముగ్గురూ తెర మీదికి వంగారు. పేజీ తెరుచుకుంది. అయిదో చుక్క బీపీ గడిలోనే పడింది.

"ఇగ కాన్పు తప్పినట్టేనా నాకు?" అన్నాడు ముసలయ్య.

ప్రసూన నవ్వింది. ఎన్నాళ్ల తర్వాతో ఆమెకే లెక్క తెలియలేదు.

సంచిలోంచి తెల్లకాగితం తీసి, మడతలు సాపు చేసి, యాప్‌కు నొక్కులు నేర్పే తీరంతా దాని మీద రాసింది. సక్రి వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఒక చోట ఆగింది.

'నాలుగో నొక్కు తర్వాత తొమ్మిది లెక్కపెట్టాలి. ఈ తండాలో పేజీ తెరుచుకోవడానికి అంతసేపు పడుతుంది. ఉదయ్ భాస్కర్ గారు ఇక్కడే కూర్చుని కొలిచారు.'

"సారు పేరు రాసిర్రు," అంది సక్రి.

"అవును. రాయాలి."

సక్రి లోపలికి వెళ్లి రెండు జొన్నరొట్టెలు తెచ్చింది. ప్రసూన మంచం మీదే కూర్చుని రెండూ పూర్తిగా తిన్నది.