స్లాబుకి నీళ్ళు పట్టిందెవరు

మధుబాబు ఇరవై ఒక్క రోజులు నా చేతి టీ తాగాడు. తాగి, ఆ స్లాబుకి నీళ్ళు పట్టిన మనిషిని తను చూడనే లేదని బాపట్ల కోర్టులో కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ స్లాబు కిందే ఇప్పుడు ఫ్యాను వేసుకుని పడుకుంటున్నాడు. వాడి కడుపు చల్లగా ఉండాలి.

మా ఆయన షుకూర్ తాపీ మేస్త్రీ. రేపల్లె నుంచి వచ్చి బాపట్లలో మధుబాబుకి రెండంతస్తుల ఇల్లు ఒప్పుకున్నాడు, సిమెంటూ ఇనుమూ అన్నీ మావే. పై స్లాబు పోశాక ఇవ్వాల్సిన డబ్బు మధుబాబు ఇవ్వలేదు. స్లాబు కారుతోందట. మేం నీళ్ళు పట్టకపోబట్టే కారుతోందట. ఇనుము కొట్టతను మాకు లాయరు నోటీసు పంపాడు. మేం మధుబాబుకి పంపాం. చివరికి దావా వేశాం.

ఆ స్లాబుకి నీళ్ళు పట్టింది నేను. మే నెల. స్లాబు మీద గట్లు పోసి వరిమళ్ళలాగా మళ్ళు కడతారు, వాటిలో నీళ్ళు ఇంకిపోకుండా చూసుకోవాలి. మోటారు కాలిపోయింది. బోరింగు కొట్టుకుని, బిందె చంకనెత్తుకుని, సరుగుడు కర్రల నిచ్చెన ఎక్కి పోసేదాన్ని. పొద్దున ముప్పై బిందెలు, సాయంత్రం ముప్పై. మధ్యలో పన్నెండు మందికి వంట. బుర్ఖా మడిచి షెడ్డులో పెట్టి కొంగు బిగించి ఎక్కితే, రోడ్డున పోయేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. నాకు సిగ్గుగా ఉందంటే నువ్వేమన్నా హీరోయినివా అన్నాడు షుకూర్. మనిషిని పెడదామంటే, నీళ్ళు పోయడానికి కూడా కూలా, ఇంట్లో మొక్కలకి పోయట్లా అన్నాడు. మధుబాబు సాయంత్రాలు వచ్చి టీ గ్లాసు పట్టుకుని పైకి చూసి, "మా చెల్లెమ్మ చేతిలో పడ్డాక స్లాబు రాయే" అనేవాడు.

శనివారం బట్వాడా. షుకూర్‌కి సంతకం తప్ప రాదు. నేను ఏడు చదివాను. అందుకని కూలీల పుస్తకం నేనే రాసేదాన్ని. ఎవరు ఎన్ని రోజులొచ్చారు, ఎంత ముట్టింది, పక్కన వేలిముద్ర. అందరి పేర్లూ రాసి, కింద గీత గీసి మొత్తం వేసేదాన్ని. నా పేరు రాయాలని నాకే తట్టలేదు. ఎవరైనా రాయొద్దు అని అనుంటే వాళ్ళనైనా తిట్టుకునేదాన్ని. ఎవరూ అనలేదు.

ఆ పుస్తకాన్నే కోర్టులో పెట్టాం. మధుబాబు లాయరు దాన్ని పేజీ పేజీ తిప్పి పట్టుకున్నాడు. తాపీవాళ్ళున్నారు, సెంట్రింగువాళ్ళున్నారు, ఇనుము కట్టినవాళ్ళున్నారు. నీళ్ళు పట్టిన మనిషికి ఒక్క రూపాయి ఇచ్చినట్టు లేదు. కూలి లేదంటే పని జరగనట్టే కదా అన్నాడు.

మా లాయరు బిందుమాధవి గారు షుకూర్‌ని కూర్చోబెట్టి అడిగింది, మరి నీళ్ళు పట్టిందెవరండీ అని. నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను. నా వైపు చూడకుండా "బ్రహ్మయ్యండి" అన్నాడు. బ్రహ్మయ్య ఎప్పుడో మా దగ్గర చేసి పోయిన మనిషి, ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. డబ్బు చేతికిచ్చేశానని, పుస్తకంలో ఎక్కలేదని చెప్పాడు. బోనెక్కి కూడా అదే చెప్పాడు. మేస్త్రీ పెళ్ళాం బిందెలు మోసిందంటే రేపల్లెలో తలెత్తుకోలేనన్నాడు. మోయించేటప్పుడు ఎత్తుకునే ఉన్నాడు.

తర్వాత నా వంతు. ఆ రోజు బస్సులో రేపల్లె నుంచి నేర్పుతూనే ఉన్నాడు. బ్రహ్మయ్య నీళ్ళు పట్టాడు, నేను అతనికి అన్నం పెట్టాను, అంతే, ఎక్కువ వాగకు అని. చెరుకుపల్లి దాటేదాకా తలూపుతూనే ఉన్నాను. అబద్ధమంటే నాకు భయమేం లేదు, ఇంట్లో శాంతి కోసం రోజుకి నాలుగు చెబుతాను. కానీ ఈ ఒక్కటీ చెప్పానంటే ఆ బిందెలన్నీ బ్రహ్మయ్యవైపోతాయి. నా నడుంనొప్పి కూడా అతనిదే అవుతుంది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నేను చేసిందల్లా ఎవరిదో ఒకరిదైపోయింది. కూర బాగుంటే మా అత్త నేర్పిన చెయ్యి అన్నారు. పిల్ల ఫస్టున పాసైతే వాళ్ళ నాన్న తెలివి అన్నారు. నడివీధిలో పదిమందీ చూస్తుండగా చేసింది ఇదొక్కటే. అది కూడా ఇచ్చెయ్యమంటున్నాడు.

బోనులో ప్రమాణం చేయించారు. మధుబాబు లాయరు చాలా మెత్తగా అడిగాడు.

"నీళ్ళు పట్టిందెవరమ్మా?"

"నేనండి."

"మీ ఆయన బ్రహ్మయ్య అన్నాడే?"

"సిగ్గుపడి అన్నాడండి."

"నీకు కూలెంత ఇచ్చారు?"

"ఇవ్వలేదండి."

"ఇరవై ఒక్క రోజులు కూలి లేకుండా ఎవరైనా చేస్తారా అమ్మా?" అని నవ్వాడు. వెనక బల్లల మీద వాళ్ళూ నవ్వారు.

"చేస్తారండి. పొద్దున ఇంట్లో మీ నల్లకోటు ఇస్త్రీ చేసినావిడకి ఎంతిచ్చారు?"

నవ్వు ఆగిపోయింది. అడిగినదానికే చెప్పమ్మా అన్నారు జడ్జిగారు. మధుబాబు నేల చూపులు చూస్తున్నాడు. షుకూర్ నన్నే చూస్తున్నాడు.

రెండు నెలలకి తీర్పొచ్చింది. మొగుడొకటి చెప్పాడు, పెళ్ళామొకటి చెప్పింది, ఇద్దరి మాటా నమ్మడానికి లేదు, నీళ్ళు పట్టినట్టు రుజువు లేదు అని దావా కొట్టేశారు. నీ నోరే మన కొంప ముంచింది అన్నాడు షుకూర్ బస్టాండులో. ముంచింది నా నోరు కాదు, మీ బ్రహ్మయ్య అన్నాను.

ఇప్పుడు తెనాలిలో ఒక చిన్న స్లాబు ఒప్పుకున్నాడు. సామాను ఇంటివాళ్ళదే, మాది కూలి మాత్రమే. మాకు అప్పు మీద ఇనుమిచ్చేవాడు ఇంక ఎవడూ లేడు. నిన్న స్లాబు పోశారు. ఇవాళ పొద్దున బిందె తెచ్చి నా ముందు పెట్టాడు.

"కూలిస్తే వస్తానండి" అన్నాను. "శనివారం అందరితో పాటు నిలబడి తీసుకుంటాను."

"ఇంట్లోదానికి కూలేంటే?"

"అయితే మనిషిని పెట్టుకోండి."

కేకలేస్తాడనుకున్నాను. ఫోను తీసి ఎవరినో అడిగాడు. అవతలి గొంతు నాక్కూడా వినబడింది. రోజుకి ఆరొందలట, టిఫిను వేరేనట. షుకూర్ బేరం కూడా ఆడలేదు, రమ్మన్నాడు.

ఇరవై నాలుగేళ్ళకి నా రేటు తెలిసింది. ఇరవై ఒక్క రోజులకి పన్నెండు వేల ఆరొందలు. అది మిగుల్చుకోబోయి మధుబాబు దగ్గర మేం పోగొట్టుకున్నది, వడ్డీ కాకుండా, నాలుగు లక్షల అరవై రెండు వేలు.