లే, నేను చూస్తాను

ఆమె పొయ్యి మీద కూర కలుపుతుంటే అత్తగారి చెయ్యి వచ్చి గరిటె పట్టుకుంది. "తప్పుకో, నేను చూస్తాను." పందొమ్మిదేళ్లుగా వస్తున్న చెయ్యే. ఆమె గరిటె వదిలేసి గిన్నెలు తోమడానికి వెళ్లింది. గిన్నెల దగ్గర మాత్రం ఎవరి చెయ్యీ అడ్డం రాదు.

"అమ్మ నేర్పబట్టే కదా నీకు ఆ మాత్రం వంటొచ్చింది," అంటాడు భర్త. నేర్పడమంటే ఆ ఇంట్లో అర్థం వేరు. ఆవిడ వండుతుంటే వెనక నిలబడి చూడాలి. ఎప్పుడైనా గరిటె చేతికొస్తే ఉప్పెక్కువైందనో, అడుగంటిందనో మాట పడాలి.

ఆస్పత్రి ల్యాబులో మాత్రం ఆమె మాటకి ఎదురులేదు. రక్తం స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ కణం మంచిదో ఏది రోగపుదో చెప్పడంలో ఆమెని మించినవాళ్లు లేరని పెద్ద డాక్టరే అంటాడు. అందుకే మూడు నెలల కిందట కొత్తమ్మాయిని ఆమెకి అప్పజెప్పాడు. "ఈ అమ్మాయిని తయారు చెయ్యండి. మనిషిని తయారు చెయ్యగలిగినవాళ్లకే ఇన్‌ఛార్జి పదవి," అన్నాడు. ఆ పదవి కోసం పదకొండేళ్లుగా చూస్తోంది. రెండుసార్లు అది తన వెనకొచ్చిన మగవాళ్లకి వెళ్లిపోయింది. ఈ సంగతి ఇంట్లో చెబితే, "నువ్వు ఇన్‌ఛార్జివైతే సాయంత్రం వంట ఎవరు చేస్తారు?" అన్నాడు భర్త, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే. గరిటె ముట్టుకోనివ్వరు, వంట మాత్రం తనదేనట!

ఇవాళ డాక్టరు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. తన దగ్గర పని నేర్చుకోవడం ఎలా ఉందో కొత్తమ్మాయి రాసిచ్చిన కాగితం. "చూసి సంతకం పెట్టండి. ఇది పైకి వెళ్తే ఇన్‌ఛార్జి మీరే."

'మేడం చాలా మంచివారు. ఎంతో ఓపికగా అన్నీ నేర్పుతున్నారు. నాకు ఏ లోటూ లేదు.'

పెన్ను తీసింది కానీ సంతకం పడలేదు. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో ఏమిటి, తనవే. పెళ్లయిన కొత్తలో అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావే అని అడిగితే, అవతలి గదిలో అత్తగారు వింటుండగా, అచ్చం ఇవే చెప్పేది. అత్తయ్య చాలా మంచిదమ్మా, ఓపిగ్గా అన్నీ నేర్పుతోంది, నాకేం లోటు లేదు. అమ్మ నమ్మింది. ఆ నమ్మకంతోనే పోయింది.

ఈ మూడు నెలల్లో ఆ పిల్ల తన చేత్తో మైక్రోస్కోపు మర తిప్పిందెప్పుడు? తిప్పబోతే తన చెయ్యి వెళ్లేది. "లే, నేను చూస్తాను." ఒక్కసారి స్లైడు పగిలితే అందరి ముందూ ఎంతెంత మాటలంది! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. తను పగలగొట్టినవి ఎవరు లెక్కపెట్టారు? ఇంట్లో నోరెత్తలేని మనిషి ఇక్కడికొచ్చి అత్తగారైంది. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

కాగితం తీసుకెళ్లి కొత్తమ్మాయి ముందు పెట్టింది. "ఇది చింపేసి, ఉన్నదున్నట్టు రాయి. నాకు చూపించకు, డాక్టరుగారికే ఇచ్చెయ్."

అమ్మాయి మొహం పాలిపోయింది. "నేనేమైనా తప్పు రాశానా మేడం?"

"తప్పు నాది."

"ఉన్నదున్నట్టు రాస్తే... మీకు ఇన్‌ఛార్జి రాదు కదా?"

"రాదు," అంది. పదకొండేళ్లంటే తక్కువేం కాదు.

పని అయిపోయి పక్కన పెట్టిన పాత స్లైడొకటి తెచ్చి, అమ్మాయిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. పక్క స్టూలు మీద తను, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అమ్మాయి మర తిప్పింది. ఎటు తిప్పాలో అటు కాదు. ఆమె చేతులు మర వైపు లాగేస్తున్నాయి. పెదవి కొరుక్కుంది. లెన్సు దిగి దిగి స్లైడుని నొక్కింది. టక్కున పగిలింది.

అలవాటు కొద్దీ అమ్మాయి లేచి గోడవారకి జరిగింది.

"కూర్చో," అంది ఆమె. "ఇంకో స్లైడు పెట్టు."