రెండో సెగ

పెళ్లయిన మూడు నెలలకే మింటోనియా భర్త బాకిస్ గొర్రెల్ని తోలుకుని దక్షిణపు మైదానాలకు దిగిపోయాడు. మా కొండల్లో మగవాళ్లంతా అంతే. చలికి ముందు వెళ్లి మే నెలలో తిరిగొస్తారు. ఆమె పుట్టిల్లు బోసా రేవు. అక్కడ పడవెక్కినవాడు సాయంత్రానికల్లా ఇంట్లో ఉండేవాడు.

జనవరిలో ఒక కాపరి కబురు తెచ్చాడు. "మీ ఆయన గుడిసె కురిసిందమ్మా. రొట్టెలన్నీ బూజు పట్టాయి. వట్టి జున్ను తిని బతుకుతున్నాడు."

మింటోనియా వెంటనే పొరుగింటి బొనారియా అత్త తలుపు తట్టింది. మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరారు. పొయ్యిలో రొట్టె బూరెలా పొంగగానే బొనారియా బయటికి లాగేది. మింటోనియా అంచు కోసి, వేళ్లు కాలుతున్నా రెండు పొరలుగా విడదీసేది.

"ఒకసారి కాలిందిగా అత్తా, మళ్లీ పొయ్యిలోకెందుకు?"

"ఈ రొట్టెను కరసౌ అంటాం. కరసౌ అంటేనే మళ్లీ కాల్చి కరకరలాడించిందని. రెండో సెగ తగలకపోతే వారానికే బూజు. తగిలితే నెలల తరబడి ఉంటుంది."

"మరి మన ఆడవాళ్లకో?"

"పెళ్లి మొదటి సెగ, ఈ చలికాలం రెండోది. ఇంకో ఏడాదికి నువ్వూ కరకరలాడతావులే పిల్లా!"

అందరూ ఘొల్లున నవ్వారు. మింటోనియా కూడా నవ్వింది. కళ్లు తుడుచుకుని, పొగ అంది.

రొట్టెల బుట్టతో ఆమే బండెక్కబోతుంటే బొనారియా అడ్డుపడింది. "ఆడది మంద దగ్గరికెళ్తుందా? ఊరేమనుకుంటుంది?"

"అనుకోనీ అత్తా."

మైదానంలో గుడిసె ముందు గడ్డం పెరిగిన బాకిస్ ఆమెను చూసి హడలిపోయాడు. "అమ్మకేమైనా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదు. రొట్టెలు తెచ్చాను."

"రొట్టెల కోసం ఇంత దూరమా?"

"రొట్టెల కోసం కాదు."

అతను నిలబడే గబగబా తిన్నాడు. అంతలో సిగ్గుపడి ఒక ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టాడు. తోటి కాపరులు గొర్రెల్ని చూసొస్తామని వెళ్లిపోయారు. దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. చనిపోయిన గొర్రెపిల్లల గురించి మాట్లాడుకున్నారు.

తెల్లవారాక అతను బండి పక్కనే వాగు దాకా నడిచాడు.

"ఇంకెప్పుడూ రాకు."

"ఊళ్లో తిడతారనా?"

"కాదే. నువ్వు వెళ్తుంటే చూడలేను."

ఆమె మళ్లీ వెళ్లలేదు. మేలో అతనొచ్చాడు, చలికి మళ్లీ వెళ్లాడు. జీవితమంతా అలాగే గడిచింది. ఇప్పుడు బాకిస్ లేడు. కాపురం గురించి ఎవరడిగినా మింటోనియా ఆ గుడిసె గురించే చెబుతుంది. తడి ఉన్ని కంపు కొట్టేదట. అంత హాయిగా ఇంకెక్కడా నిద్రపట్టలేదట.