లైటు లేని పెడల్

బ్యాండులో అందరూ ఆమెను మంద్రం అనేవారు. వాయించేది బేస్ గిటారు, మాట్లాడేదీ లోగొంతుకతోనే కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. పగలంతా సోఫాలకు గుడ్డ తొడిగే దుకాణంలో పని, సాయంత్రాలు చెల్లెలి బ్యాండులో వాయిద్యం. చెల్లెలు పాడుతుంది, మరిది డ్రమ్స్ వాయిస్తాడు, కీబోర్డు దగ్గర మరిది స్నేహితుడు కూర్చుంటాడు. రిహార్సలు కాగానే మొగుడూ పెళ్ళాలు డ్రమ్స్‌తో నిండిన కారులో ఇరుక్కుని వెళ్ళిపోతారు. కీబోర్డాయన స్కూటరెక్కుతాడు. మంద్రం గిటారు భుజాన తగిలించుకుని, లాండ్రీ మేడమీద ఉన్న తన గదికి నడిచిపోతుంది. ఈ ఏర్పాటులో లోటేమైనా ఉందని ఎవరికీ తోచలేదు. ఆమె కూడా ఎప్పుడూ పైకి అనలేదు.

ఒకరోజు మరిది, ముందు రోజు రికార్డు చేసినది పెట్టి వినిపించాడు.

“వదినా, ఏమీ అనుకోకు. నీ బేస్ ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా పడుతోంది. గతుకుల్లో బండి పోతున్నట్టుంది.”

కీబోర్డాయన నవ్వబోయి, ఆ నవ్వును దగ్గు కింద మార్చేసుకున్నాడు.

“ఓ కంప్రెసర్ పెడల్ కొనుక్కోరాదూ? గట్టి మోతని అణుస్తుంది, మెత్తటిదాన్ని పైకి లేపుతుంది. అంతా ఇస్త్రీ చేసినట్టు వస్తుంది. ఇప్పుడు అందరూ వాడుతున్నారు.”

చెల్లెలు మైకు వైరు చుడుతూ తలెత్తలేదు.

“అలాగేలే,” అంది మంద్రం.

గతుకులు ఎక్కడివో ఆమెకు తెలుసు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఒకదాని తర్వాత ఒకటి తీగను మీటాలి. దుకాణంలో సోఫా గుడ్డలు కుడుతూ ఏళ్ళ తరబడి లావుపాటి దారం బిగించి లాగీ లాగీ మణికట్టులో నరం నొక్కుకుపోయింది. నడిమివేలు చివర ఎప్పుడూ తిమ్మిరే. తీగ తగిలిందో లేదో చెవికి తెలియాలి తప్ప వేలికి తెలియదు. ఆపరేషన్ చేస్తే నయం కావచ్చనీ, ఆ తర్వాత కొన్ని నెలలు ఆ చేతికి పని చెప్పకూడదనీ డాక్టరమ్మ అంది. ఆ కొన్ని నెలలన్న మాట విన్నాక మంద్రం మళ్ళీ ఆసుపత్రి వైపు పోలేదు. బ్యాండులో తన చోటు ఖాళీ అయితే ఇంకొకరు వచ్చి నిలబడతారు. నిలబడ్డవాళ్ళను పొమ్మనడం ఎవరి తరం? చెల్లెల్ని వారానికి రెండు సాయంత్రాలు చూసేది ఆ బ్యాండు పుణ్యమా అనే.

సెలవురోజు పొద్దున్నే వాయిద్యాల దుకాణానికి వెళ్ళింది. లోపల దుకాణదారు ఒక్కడే ఉన్నాడు. కళ్ళద్దాలు నెత్తిమీద పెట్టుకుని వాటికోసం బల్లంతా తడుముతున్నాడు.

“నెత్తిమీద ఉన్నాయండీ,” అంది.

“బతికించారు!” అంటూ కళ్ళకు దించుకుని, ఆమెను అప్పుడు చూశాడు. “చెప్పండమ్మా, ఏం కావాలి?”

బేస్‌కు కంప్రెసర్ అనగానే మూడు పెట్టెలు తెచ్చి నేలమీద పెట్టాడు. ఒక గిటారు ఆమె చేతికిచ్చి, స్టూలు లాగి కూర్చోమన్నాడు. మొదటిది అగ్గిపెట్టెకు అన్నలా ఉన్న నీలం పెడల్. దానికి రెండే నాబులు. మంద్రం కాసేపు వాయించింది.

“ముక్కు మూసుకుని మాట్లాడినట్టుంది,” అంది.

“సరిగ్గా చెప్పారు. అది అన్నిటినీ ఒకే పోటున నొక్కేస్తుంది. ఈ బూడిదరంగుది చూడండి. ఎంత గట్టిగా కొడితే అణచడం మొదలెట్టాలో మీరే చెప్పొచ్చు. అణిచినప్పుడల్లా ఈ ఎర్రలైటు వెలుగుతుంది.”

ఇది బాగుంది. స్వరం నిండుగా, గుండ్రంగా వచ్చింది. మంద్రం ముఖంలో కళ వచ్చింది. అయితే పాదం పక్కన లైటు వెలిగింది, ఆరింది. మళ్ళీ వెలిగింది, ఆరింది. చూపుడువేలికి వెలుతురు, నడిమివేలికి చీకటి. ఆమె వేగం పెంచింది. అదీ అంతే వేగంగా ఆమె గుట్టు చెబుతూనే ఉంది. కాలితో పెడల్‌ను మెల్లగా గోడవైపు తిప్పబోయింది.

“ఆగండాగండి, లైటు పాడైనట్టుంది,” అని దుకాణదారు గిటారు తీసుకుని తనే మీటాడు. లైటు ప్రతి దెబ్బకూ వెలిగింది. ఇంకోసారి మీటాడు. మళ్ళీ వెలిగింది. ఆయనకు విషయం అర్థమైంది కాబోలు, తలెత్తకుండా తీగలు శ్రుతి చేస్తున్నట్టు నటించాడు.

“లైటు బాగానే ఉందండి,” అంది మంద్రం. “వేలే పాడైంది.”

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఊరూ పేరూ తెలియని మనిషి ముందు, ధర చీటీలు వేలాడే గిటార్ల మధ్య వచ్చింది. వచ్చాక ఆపుకోలేక నరం సంగతీ, ఆపరేషన్ సంగతీ అంతా చెప్పేసింది.

“ఇంట్లోవాళ్ళకి తెలుసా?”

“ఇంట్లో ఎవరున్నారండీ! చెల్లెలికి చెప్పలేదు.”

ఆయన మూడో పెడల్‌ను ముందుకు జరిపాడు. ఎవరో వాడి అమ్మేసినది, రంగు అక్కడక్కడా ఊడింది. “ఇది పాతదే గానీ పని బాగా చేస్తుంది,” అని, కొంచెం ఆగి, “దీనికి లైటు లేదు,” అన్నాడు.

మంద్రం దాన్నే కొనుక్కుంది.

తర్వాతి రిహార్సలులో మరిది ఆనందం పట్టలేకపోయాడు. “చూశావా! నేను చెప్పలా? నున్నగా వస్తోంది వదినా, వెన్న రాసినట్టు!” కీబోర్డాయన బొటనవేలు పైకెత్తి చూపించాడు. మంద్రం నవ్వింది. దొంగసరుకు చేతిలో ఉన్నవాళ్ళు నవ్వినట్టుంది ఆ నవ్వు.

ఆఖరున నెమ్మది పాట ఎత్తుకున్నారు. అందులో ఒకచోట చెల్లెలు గొంతును బాగా తగ్గించేస్తుంది, దాదాపు ఊపిరంత చేస్తుంది. అక్కడ బేస్ ఇంకా కిందికి దిగి, ఆ గొంతును అరచేతిలో పట్టుకోవాలి. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద గుసగుసలాడుకున్న అక్కాచెల్లెళ్ళు కనుక, ఎంత తగ్గాలన్నది ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు మంద్రం ఎంత మెత్తగా మీటినా పెడల్ దాన్ని పట్టుకుని పైకి లేపింది. చెల్లెలి గొంతు బేస్ కింద నలిగిపోయింది. ఆమె పాట ఆపేసింది.

“అక్కా, నువ్వు తగ్గట్లేదేంటి?”

మంద్రం పెడల్‌ను కాలితో నొక్కి ఆపేసింది. మళ్ళీ వాయించింది. ఒకటి వినిపించి, ఒకటి వినిపించక, స్వరాలు కుంటుతూ వచ్చాయి. చెల్లెలు పాడలేదు. అక్క చేతివైపు చూస్తూ నిలబడింది. తర్వాత దగ్గరకొచ్చి, ఆ నడిమివేలు పట్టుకుని గోటితో గట్టిగా నొక్కింది.

“నొప్పిగా ఉందా?”

“లేదు.”

“ఎప్పట్నించి?”

“చలికాలం నించి.”

“చలికాలం నించా! నాకెందుకు చెప్పలేదే?” కోపం వస్తే చెల్లెలికి గౌరవం గుర్తుండదు. “నేనేమన్నా పరాయిదాన్నా?”

కాదని మంద్రం అడ్డంగా తలూపింది.

ఆపరేషన్ అయింది. చెల్లెలు ఆసుపత్రికి వచ్చింది, గదికి వచ్చి పక్క సర్దింది, జడ వేసింది. తర్వాత కార్యక్రమాలు దగ్గర పడ్డాయి, రావడం తగ్గి ఫోన్లే మిగిలాయి. మంద్రం చోటులోకి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక బేస్ వాయిద్యకారుడు వచ్చాడు. మంచివాడే. పెడల్ కూడా ఆమె అతనికే ఇచ్చింది. గదిలో పెట్టుకుని ఏం చేసుకోవాలి?

ఒకరోజు మధ్యాహ్నం ఒక హోటల్ హాలులో కార్యక్రమం. మంద్రం కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. చెల్లెలి పాటను ఎదురుగా కూర్చుని వినడం ఆమెకు అదే మొదలు. ఇన్నేళ్ళూ వీపే చూసింది. చెల్లెలు పాడుతూ కళ్ళు మూసుకుంటుందని ఆ రోజే తెలిసింది. నెమ్మది పాట వచ్చింది. గొంతు తగ్గే చోటు రాగానే చెల్లెలు అలవాటుగా, అక్క నిలబడే ఎడమవైపుకు తల తిప్పింది. పొడుగాయన తల వంచుకుని, బాగానే, గట్టిగానే వాయించుకుపోయాడు.

చప్పట్లయ్యాక చెల్లెలి చుట్టూ జనం మూగారు. ఆమె వాళ్ళ భుజాల మీదుగా చెయ్యి ఊపి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపింది. మంద్రం గోడ పక్కన నిలబడింది. పొడుగాయన గిటారు సంచీతో దగ్గరకొచ్చాడు.

“అక్కా, ఆ నెమ్మది పాటలో ఎక్కడో తప్పుతున్నాను. పైకి ఎవరూ అనట్లేదు గానీ, ఆవిడ మొహంలో తెలుస్తోంది. ఏం చెయ్యాలి?”

మంద్రం అతనివైపు చూసింది. నాకేం తెలుసు అంటే సరిపోతుంది. ఆ ఒక్క చోటూ తనకోసం అలాగే మిగిలి ఉంటుంది. ఆమె గొంతు సవరించుకుంది.

“మూడో చరణంలో తను ఊపిరి తీసుకుంటుంది చూడు, అక్కడ పెడల్ ఆపెయ్. చూపుడువేలు ఒక్కటే వాడు, గోరు తగలనివ్వకు. తను నీకు వినిపించకపోతే నువ్వే ఎక్కువైనట్టు.”

అతను పెదవులు కదుపుతూ ఆ మాటలు మననం చేసుకున్నాడు. “ఇంతేనా?”

“అంతే.”

జనం ఇంకా పలచబడలేదు. వెళ్తున్నానని చెల్లెలికి సైగ చేసి, మంద్రం హాలు బయటికొచ్చింది. భుజం మీద బరువేమీ లేకపోవడంతో నడక కొత్తగా ఉంది. బస్టాపులో బెంచీ ఖాళీగానే ఉంది. ఆమె ఒక చివర కూర్చుంది.